కంచె అవతలి అత్తగారు

ఉతో సంచిలో చెయ్యి పెట్టింది కానీ, సంతకం బదులు వేసే ఇంటి ముద్ర బయటికి తీయలేదు.

ఊరి సమావేశ మందిరంలో చాపల మీద కూర్చున్నవాళ్లంతా ఆమెనే చూస్తున్నారు. ముందు బల్ల మీద అర్జీ ఉంది. అమెరికా సైన్యం మందుగుండు డిపో ఎత్తేసి, కొండనూ పొలాలనూ ఊరికి అప్పగించి వెళ్లిపోవాలని అర్జీ. డిపో కంచె లోపల భూమి పోయిన ప్రతి ఇంటి ముద్రా పడాలి. ఒక్కటి తగ్గినా అర్జీ తీసుకునేది లేదని పై అధికారులు ముందే చెప్పారు. యుద్ధం నాటినుంచి అమెరికా చేతిలో ఉన్న ఒకినావా దీవి వచ్చే ఏడు మళ్లీ జపాన్‌లో కలుస్తోంది. ఇప్పుడు కదలని సైన్యం ఆ తర్వాత కదులుతుందన్న నమ్మకం ఎవరికీ లేదు.

"ఇంక మీ మియాహిరా వాళ్లదే మిగిలింది. కానియ్ వదినా," అన్నాడు ఊరిపెద్ద సేజున్.

"ముద్రయితే వేశాను గానీ, డిపోలో వంటపని పోయిందంటే మా ఆవిడ నన్నే కోసి కూర వండుతుంది," అన్నాడు వెనకనుంచి గిబో.

"నీకేంలేరా, నీ మేక గురించి దిగులుపడు. ఆ కంచె పక్క గడ్డికి అలవాటుపడి ఊళ్లో గడ్డి మూతి పెట్టి చూడట్లేదు," అన్నాడు పక్కనున్నవాడు.

నలుగురూ నవ్వారు. ఉతో నవ్వలేదు.

"నేను వెయ్యను," అంది. "ఉండనీండి వాళ్లని."

నవ్వులు ఆగిపోయాయి.

"ఏమన్నావూ?" ముసలి కమే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "సైన్యం ఇచ్చే భూమి అద్దె అంత తియ్యగా ఉందా నీకు? మీ అత్త ఆ కంచె లోపల ఉందే పిల్లా. అదన్నా గుర్తుందా?"

"గుర్తుంది."

ఊరంతటికీ గుర్తుంది. యుద్ధంలో ఆకాశం నుంచి ఇనుము కురిసిన ఆ వసంతంలో ఎవరి ప్రాణం వాళ్లు చూసుకున్నారు. ఉతో మాత్రం గుహలో చనిపోయిన అత్తను వీపుకు కట్టుకుని, చీకటి పడేవేళ ఒంటరిగా కొండ కింద వంశపు సమాధి దాకా మోసుకెళ్లింది. లోపల పడుకోబెట్టి, రాతి తలుపు మూసింది. అప్పటికి ఆమె భర్త చోషిన్‌ను జపాన్ సైన్యం కందకాలు తవ్వడానికి లాక్కుపోయింది. అమెరికావాళ్ల ఖైదీల శిబిరం నుంచి అతను ఇల్లు చేరేసరికి కొండ చుట్టూ కంచె పడింది.

పోయినవాళ్ల ఎముకలను కొన్నేళ్లకు బయటికి తీసి, పెద్ద కోడలు సారాతో కడిగి, కుండలో పెట్టాలి. అప్పుడే వాళ్లు పెద్దల్లో కలుస్తారు. మిగిలిన ఊళ్లవాళ్లు ఏటా వసంతంలో సమాధుల ముందు చాపలు పరిచి, అన్నాలు తిని, పాటలు పాడుకుని వస్తారు. ఈ ఊరివాళ్లు కంచె బయట చాపలు పరుచుకుని, కొండకేసి తిరిగి చేతులు జోడిస్తారు. చోషిన్ ఆ కడిగే రోజు కోసమని ఒక జాడీ సారా దాచాడు. పెళ్లిళ్లొచ్చినా, తుఫానులొచ్చినా దాని మూత తీయలేదు.

అత్తను మోసుకెళ్లిన కథ వినిపించడానికి బడి పంతులు ఏటేటా పిల్లల్ని వెంటబెట్టుకుని ఉతో ఇంటికి వస్తాడు. ఆమె అవే మాటలు, అదే వరసలో చెబుతుంది. పిల్లలు కళ్లు తుడుచుకుంటారు. ఆమె వాళ్లకు చిలగడదుంపలు పెట్టి పంపిస్తుంది.

మందిరం మెట్ల దాకా సేజున్ వెంట వచ్చాడు.

"అన్నకి తెలుసా వదినా?"

"ముద్ర ఇచ్చి పంపింది ఆయనే."

"ఈ చలికాలం దాటడంటున్నాడు డాక్టరు. వాళ్లమ్మ ఎముకలు కడగడం ఒక్కసారి చూడాలని తప్ప ఆ మనిషికి ఇంకో కోరిక లేదు."

"తెలుసు."

"మరెందుకిలా చేశావు?"

"గంజి పెట్టే వేళైంది. వెళ్తాను."

ఇంట్లో చోషిన్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. చాలా రోజుల తర్వాత.

"అయిందా?"

"కాలేదు."

"ఎవరు అడ్డుపడ్డారు? గిబోగాడేనా?"

"నేనే. ముద్ర వెయ్యలేదు."

బయట ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. ఉతో పొయ్యి మీంచి గంజి దించి, గిన్నెలో పోసి, చల్లారడానికి తిప్పుతూ కూర్చుంది.

"భయమేసిందా?" అన్నాడు చివరికి. "పాతికేళ్లు దాటిన ఎముకలు. చేత్తో పట్టుకోవాలంటే ఎవరికైనా ఉంటుంది."

ఆమె చెంచా అందించింది. అతను ఒక గుక్క మింగాడు.

"పోనీలే. నిన్ను ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. కొడుకునై ఉండీ నేను దగ్గర లేను. నువ్వు మోశావు." అతను చెంచా గిన్నెలో పెట్టాడు. "అమ్మ తన ఇంట్లో తను పడుకుంది. ఆ మాట తలుచుకునే నేను ఇన్నేళ్లూ నిద్రపోయాను ఉతో."

"చల్లారిపోతోంది. తినండి."

అతను తిన్నాడు. ఆమె గిన్నె కడిగి, పక్క సర్ది, దీపం తగ్గించింది.

కొండ కింది సమాధిలో అత్త లేదు. దక్షిణానికి పారిపోయే దారిలో, చెరకుతోట గట్టు మీద, "ఇప్పుడే వస్తానత్తా" అని ఉతో వీపు మీంచి దించి వచ్చేసినప్పుడు, అత్త ఇంకా మాట్లాడుతూనే ఉంది.