నలభై కాగితాలు

"ఏరీ వాళ్ళు? నిన్నే! నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నావా?"

తలుపు తోసుకుని వస్తూనే ఆఫీసరు విరుచుకుపడ్డాడు. అది బిస్కెట్ల ఫ్యాక్టరీ భోజనాల హాలు. ఎదురుగా నలభైమంది ప్యాకింగు వాళ్ళు, నెత్తిన వల టోపీలతో. వెనక బోర్డు మీద 'పనిచోట మర్యాద' అని అసిస్టెంటమ్మాయి పొద్దున్నే వచ్చి గుండ్రంగా రాసి పెట్టింది. హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఈ ఇద్దర్నీ ఇక్కడెవరూ ఎరగరు. క్లాసు మొదలవ్వాల్సిన టైము దాటి అరగంటయింది.

"వ్యాను దారిలో ఆగిపోయిందట సార్. పది నిమిషాల్లో..."

"పది నిమిషాలట! మొహానికి పూసుకోడానికి గంటలు గంటలు దొరుకుతాయి. నలుగుర్ని వేళకి రప్పించడం మాత్రం చేతకాదు. నిన్ను పనిలో పెట్టుకున్నవాణ్ణనాలి!"

అమ్మాయి పంటి బిగువున నిలబడింది. ఆరునెలల ప్రొబేషను ఇవాళ్టితో సరి. ఆయన జేబులోని కాగితం మీద సంతకం పడితే ఉద్యోగం ఖాయం. చూపు మందగించిన అమ్మ ఇక కుట్టుమిషను తొక్కక్కర్లేదు.

"ఆ మొద్దు మొహం చూడు! మీ అమ్మ నీకు గుండీలు కుట్టడమే నేర్పిందా? బుద్ధి నేర్పలేదా?"

"మా అమ్మ జోలికి రాకండి సార్!"

అంతే, ఆయన జేబులోంచి కాగితం తీసి పరపరా చింపి ఆమె మొహాన కొట్టాడు.

అమ్మాయి హాలువైపు తిరిగింది.

"మీరైనా చెప్పండి! ఒక్కరైనా నోరు విప్పరేం?"

నలభై తలలూ వంగాయి. పొద్దున తను కుర్చీకొకటి చొప్పున పెట్టిన కాగితాల మీద నలభై పెన్నులు గబగబా కదిలాయి. ఏం రాసుకుంటున్నారో, పాడు! ముందు వరసలో ఒకావిడ కళ్ళొత్తుకుని, పక్కావిడని మోచేత్తో పొడిచి, మళ్ళీ రాతలో పడింది. ఒకాయన పక్కవాడి కాగితంలోకి తొంగిచూస్తున్నాడు. ఛీ, వీళ్ళూ మనుషులేనా అనుకుంది.

ఆఫీసరు తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

అమ్మాయి కింద కూలబడి కాగితం ముక్కలు ఏరుకోసాగింది. అప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే హాలంతా లేచి నిలబడింది. ఇప్పుడా మీకు నోరూ చేతులూ వచ్చింది? ఆపుకోలేక బావురుమంది.

ముందు వరస ఆవిడ వచ్చి భుజమ్మీద చెయ్యేసింది.

"పదకొండు తప్పులు పట్టానమ్మాయ్," అంటూ తన కాగితం మురిపెంగా చూపించి, "హెడ్డాఫీసు వాళ్ళొచ్చి నాటకం వేస్తారని, అందులో మర్యాద తప్పిన చోటల్లా రాసుకోమని మేనేజరు ముందే చెప్పాడు కాబట్టి సరిపోయింది గానీ, నిజంగానే జరిగుంటే నిన్నిలా ఏడవనిచ్చేవాళ్ళమా, తల్లీ!" అంది.