ముసలి కుక్క

"ఇది వద్దు లక్ష్మీ. భీమవరంలో లాబ్రడార్ పిల్ల ఉందని చెప్పాను కదా," అన్నారు సూర్యప్రకాశం మాస్టారు.

రాజమహేంద్రవరంలోని కుక్కల షెల్టర్‌లో ఆయన భార్య వరహాలక్ష్మి ఒక ముసలి కుక్క ముందు కూర్చుని ఉంది.

"పిల్ల వెనకాల పరిగెత్తడానికి మీ మోకాళ్లు ఒప్పుకుంటాయా? మన తర్వాత దాన్నెవరు చూస్తారండీ?"

"దీనికి మూతి కూడా నెరిసిపోయింది. ఎన్నాళ్లుంటుంది?"

"మహా అయితే ఏడాదండి. గుండె బాగోలేదు," అంది షెల్టర్ చూసుకునే ఫణిశ్రీ. "ముందే చెప్పాలి కదండీ."

మాస్టారు గొంతు తగ్గించారు. "విన్నావుగా. మనింట్లో ఇంకో చావు చూడగలవా?"

"మొదటిది చూశామా ఏంటండీ?"

అప్పట్లో కరోనా వార్డులోకి ఎవరినీ రానివ్వలేదు. కూతురు హరిచందన పోయిందని ఇద్దరూ ఆసుపత్రి గేటు బయట నిలబడి ఫోన్‌లో విన్నారు.

వరహాలక్ష్మి కుక్క తల నిమురుతూనే ఉంది. "ఇది పోయేటప్పుడు పక్కనుందామండి. అంతే."

ఆయన కూడా మోకాళ్లు పట్టుకుని నేలమీద కూర్చున్నారు.

"రాత్రిళ్లు ఏడుస్తుందా అమ్మా?" అని ఫణిశ్రీని అడిగారు.

"ఒక్కత్తే ఉంటే ఏడుస్తుందండి. పక్కన మనిషుంటే పడుకుంటుంది."

"ఉంటాం," అన్నారు మాస్టారు.