పిట్టలు దిగే నెల

సైన్సు సారు ఈసారి దుర్భిణిని భిక్షం మెడలో కాక, అతని బామ్మర్ది పర్వతాలు మెడలో వేశాడు. భిక్షానికి కడుపు రగిలిపోయింది. నల్లగొండ నుంచి సైకిలు మీద వచ్చే ఆ సారుకు మూడేళ్లుగా చెరువు మీది పిట్టలను చూపించింది తనే. మొన్న తను రెండు పిట్టల పేర్లు తప్పు చెప్పినంత మాత్రాన, బామ్మర్ది ఎక్కువైపోయాడా!

"మా దోస్తులను తోలుకొస్త. ఏ నెలల వస్తే మస్తు పిట్టలుంటయి, పర్వతాలూ?" అని అడిగాడు సారు.

పర్వతాలు నోరు తెరిచేలోపే భిక్షం అందుకున్నాడు. "చైత్రంల రాండ్రి సారూ. చెరువు నిండ పిట్టలే."

చైత్రానికి చెరువు ఎండి నెర్రెలు బారుతుందని, పిట్టలన్నీ ఎగిరిపోతాయని ఆ గొర్రెల కాపరులిద్దరికీ తెలుసు. దుర్భిణి మెడలో వేసుకుని, చూపించడానికి ఒక్క పిట్టా లేక, సారు దోస్తుల ముందు పర్వతాలు నవ్వులపాలు కావాలన్నదే భిక్షం కోరిక.

"నిజమేనా పర్వతాలూ?"

పర్వతాలు బావ వైపు ఒకసారి చూసి తల వంచుకున్నాడు. "బావ చెప్పినంక నేనేం చెప్త సారూ? ఏ పిట్ట ఎప్పుడు దిగుతదో నాకు నేర్పిందే ఆయన."

భిక్షానికి అక్కసు తగ్గలేదు గానీ, ఆ మాట విన్నాక అబద్ధాన్ని నిలబెట్టుకోబుద్ధి కాలేదు.

"పుష్యంల రాండ్రి సారూ," అన్నాడు. "నా కండ్లకు పొర కమ్మింది. వీనికి మంచిగ కనబడుతున్నదని ఓర్వలేక గట్ల చెప్పిన."