రాబందుకు కావలి

"కదలకు! నువ్వు ఊపిరి పీల్చినా ఫోటో ఊగుతుంది" అంది పూజిత.

"ఊపిరి ఆపితే నీకు మొగుడే ఉండడు" అన్నాడు నవీన్‌కుమార్, కెమెరా కంటి దగ్గర్నుంచి తీయకుండానే.

పెళ్లై రెండు నెలలు. నవీన్‌కు వికారాబాద్‌లో ఫోటో స్టూడియో. పెళ్లి ఆర్డర్లు లేకపోతే చాలు, పెద్ద లెన్సు భుజాన వేసుకుని ఇద్దరూ మోమిన్‌పేట్ దగ్గరున్న సొంతూరికి బండి మీద వచ్చేస్తారు. తాండూరులో డిగ్రీ చదివినప్పటి నుంచి పూజితకు పిట్టల పిచ్చి. ఇప్పుడది అతనికీ అంటుకుంది.

చచ్చిన పశువులను పడేసే గుట్టవారన ముప్పై దాకా గద్దలు తిరుగుతున్నాయి. వాటి మధ్య ఒకటి మాత్రం వేరుగా ఉంది. గద్దకు రెండింతలుంది. రెక్కలు ఆడించకుండా, చాప పరిచినట్టు తేలుతోంది.

"తోక చూడు, చీలిక లేదు. గద్ద కాదు!"

"విమానమేమో."

"నవీన్!"

గొర్రెలను వదిలి నవీన్ తండ్రి బీరన్న వాళ్ల దగ్గరికి వచ్చాడు. కొడుకు చేతిలోని కెమెరా తెరలోకి కళ్లు చికిలించి చూశాడు. చాలాసేపు చూశాడు.

"రాబందు బిడ్డా. నీ మొగడు నడక నేర్సినప్పటిసంది నేను మళ్ల సూడలే."

పూజిత గంతేసింది. అంతలోనే తుప్పల్లోంచి పదీ పన్నెండు కుక్కలు అరుస్తూ కళేబరాల మీదికి ఉరికాయి. కిందికి దిగబోయిన పక్షి మళ్లీ పైకి లేచి గుట్ట అవతలికి వెళ్లిపోయింది.

"రాబందులు ఉన్నప్పుడు పొద్దుగూకేసరికి పశువుల బొక్కలే మిగుల్తుండె" అన్నాడు బీరన్న. "ఇవి పోయినయి. కుక్కలు పెరిగినయి. గింతగనం కుక్కలు..."

పోయిన ఏడు పిచ్చికుక్క కరిచి ఆయన భార్య బుగ్గమ్మ చనిపోయింది. పూజిత అత్తగారిని గోడ మీది ఫోటోలోనే చూసింది.

"ఇది ఈడనే నిలవాలె" అన్నాడు. "ఒకటి నిలిస్తే ఇంకోటి వస్తది."

పూజిత ఆ ఫోటోను తన లెక్చరర్ ప్రియదర్శినికి పంపింది. పావుగంటలో జవాబు వచ్చింది. ఫోటో మసకగా ఉందట. రెక్కలు విప్పినప్పుడు నడుము కనబడేలా తీస్తే జాతి తేలుస్తుందట. తేలితే దాన్ని కాపాడేవాళ్లను వెంటబెట్టుకుని తనే వస్తుందట.

మర్నాడు తెల్లవారేసరికి కొట్టంలో బొల్లెద్దు చనిపోయింది. పరుపుబండ మీద జారి కాలు విరగ్గొట్టుకున్న ముసలి ఎద్దు. పడిన నాటి నుంచి గొర్రెలను తోలిన పూట తప్ప బీరన్న దాని పక్కనుంచి లేవలేదు.

"నిమ్మళంగ పోయింది" అన్నాడు. "మూల్గను గుడ మూల్గలే."

నవీన్ పార అందుకున్నాడు. అరక దున్నిన ఎద్దును పసుపు కుంకుమలు పెట్టి సొంత చేనులోనే పాతిపెట్టడం ఆ ఇంటి పద్ధతి.

"గుంత ఏ పక్కన తియ్యాలె నాయినా?"

బీరన్న గుట్ట వైపు చూశాడు.

"గుంత వద్దు. గుట్టకు తీస్కపోదాం."

"బొల్లెద్దునా?"

"మట్టిల వెడ్తే ఏమొస్తది? ఆ పిట్టకన్న కడుపు నిండుతది."

ట్రాక్టర్ మీద తీసుకెళ్లారు. ఎద్దు నుదుటికి ఆయనే పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. తర్వాత కర్రా, ఒడినిండా రాళ్లూ పెట్టుకుని కుక్కలకు అడ్డంగా కూర్చున్నాడు. ఎండ నెత్తి మీదికి వచ్చినా లేవలేదు. పూజిత రొట్టె మూట విప్పితే, "అది వచ్చినంక తింట" అన్నాడు.

వచ్చింది. గద్దలన్నీ దిగాక అన్నిటికన్నా ఆఖరున, బరువుగా దిగింది. బోడి మెడ వంచి తినడం మొదలుపెట్టింది. ఒక కుక్క దగ్గరికి రాబోతే బీరన్న రాయి గురి తప్పలేదు. ఆ చప్పుడుకు పక్షి బెదిరి రెక్కలు విప్పింది. నడుము మీద తెల్లగా, అరచేయి పట్టేంత మచ్చ.

కెమెరా టకటకమంది.

"వచ్చిందా?" పూజిత అతని చెయ్యి గిల్లేసింది.

"వచ్చింది. మన పెళ్లి ఫోటోల్ల గుడ నీ మొఖం గింత వెలగలే!"

రాబందు తింటూనే ఉంది. మెడ కింద తిత్తి ఉబ్బే దాకా తింది. బీరన్న కూడా అప్పుడే రొట్టె తుంచాడు. బుగ్గమ్మ పోయాక ఆయన నవ్వడం నవీన్ మొదటిసారి చూశాడు.

ఫోటో అందిన నిమిషానికే ఫోన్ మోగింది. మామ కూడా వినాలని పూజిత స్పీకర్ పెట్టింది.

"తెల్లనడుము రాబందు! ఖాయం పూజితా!" అంది ప్రియదర్శిని. "రేపే బయల్దేరుతున్నాం. అప్పటిదాకా ఒక్క జాగ్రత్త. నొప్పి తగ్గే సూది వేసిన పశువును దాని దరిదాపుల్లో పడేయనివ్వకండి. ఆ మందు మాంసంలో ఉండిపోతుంది. తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. లక్షల పక్షులు అలాగే పోయాయి. ఊళ్లో అందరికీ చెప్పు."

"చెప్తాను మేడమ్. మా మామయ్య కూడా వింటున్నారు."

బీరన్న చేతిలో రొట్టె ముక్క జారిపోయింది. లేచాడు. కర్ర ఎత్తి రాబందు మీదికే పరుగెత్తాడు.

"పో! తినకు! పో!"

తిండి బరువుకు పక్షి ఎగరలేకపోయింది. రెండు గెంతులు వేసి, మళ్లీ ఎద్దు వైపే తిరిగింది.

నవీన్ పరుగున వెళ్లి తండ్రిని నడుము దగ్గర పట్టుకున్నాడు. "నాయినా, ఏమైంది నీకు? పొద్దటిసంది దీని కోసమే గద కూసున్నవ్!"

నిన్న రాత్రి దాకా పూటపూటకూ ఎద్దుకు నొప్పి తగ్గే సూదులు వేసింది బీరన్నే.