నీలం అంటిన చేతులు

భటుడు గది తాళం తీసి, "తొందరగా కానీ అక్కా, కొత్వాలుగారు చూస్తే నా పీక మీదికొస్తుంది" అన్నాడు.

ఆరాలక్క లోపలికి వెళ్లింది. ఊళ్లో ఆమెని అందరూ పిలిచే పేరదే. ఎవరింట్లో చెంబు పోయినా, ఎవరి బావిలో శవం తేలినా, ఆరాలు తీయనిదే ఆమెకి ముద్ద దిగదు. అలా తీసి తీసి ఇప్పటికి ఇద్దరు హంతకుల్ని పట్టించింది. ఆమె పేరు చెబితే కొత్వాలుకి ఒళ్లు మంట.

గదిలో ఆమె మొగుడు గోడకి చేరగిలబడి ఉన్నాడు. నిన్న సాయంత్రమే తీసుకొచ్చి కోటలో పెట్టి తాళం వేశారు. రాత్రి పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

"ఏ పాపం ఎరగని మనిషి చస్తాడే ఇవాళ. నీకు తెలుసు, నాకు తెలుసు. ఆ కొత్వాలు చెవికే ఎక్కదు."

"మధ్యాహ్నం నగారా మోగేలోగా అసలువాణ్ణి జుట్టు పట్టి ఈడ్చుకొస్తా. నువ్వు గుండె దిటవు చేసుకో."

ఆయనకి కేకలు పడవు. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ గొంతు ఒక్కటే ఎలాగో భరిస్తున్నాడు. మైదానంలో జనం పెట్టే రంకెలు వినపడకుండా, కొంగున కట్టి తెచ్చిన మైనం ఉండలు ఆయన చెవుల్లో గట్టిగా కూరింది. తల నిమిరింది. ఏడుపు ఆగక బయటికి పరుగెత్తింది.

మొన్న అద్దకం యజమాని పీక కోశారు. ఇంకా కొట్టుకుంటుంటే తలని నీలిమందు తొట్టిలో అదిమి ప్రాణం తీశారు. ఆ నెత్తుట్లో కాలు జారి పడి లేవలేకపోతున్న మనిషి దొరికాడు. ఇంకేం, వాడే హంతకుడన్నాడు కొత్వాలు. వీధి పొడుగునా పళ్లు రాలేలా తన్నుకుంటూ తీసుకుపోయారు.

ఆ చేతుల్ని ఆరాలక్క కళ్లారా చూసింది. ఎర్రగా ఉన్నాయి. తొట్టిలో తల అదిమినవాడి చేతులు నీలంగా కదా ఉండాలి? నీలిమందు అంటితే ఎంత తోమినా రోజుల తరబడి వదలదు. అద్దకం పనివాళ్ల చేతులు ఎప్పుడూ నీలమే. కానీ ఆ పూట వాళ్లంతా ఏటి దగ్గర గుడ్డలు జాడిస్తున్నారు. మరి మిగిలిందెవరు?

యజమాని ఇంట్లో వితంతువు గుండెలు బాదుకుంటోంది. పుట్టి బుద్ధెరిగాక తొట్టిలో వేలు పెట్టని ఆవిడ మరిది వసారాలో కూర్చున్నాడు. రెండు చేతులకీ మోచేతుల దాకా గుడ్డ కట్లు.

"చేతులకేమైంది తమ్ముడూ?"

"వేడినీళ్లు ఒలికాయక్కా."

"అయ్యయ్యో! ఏదీ, చూడనీ" అంటూనే కట్టు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

నీలం.

వాడు మొలలోంచి కత్తి దూశాడు. ఆమె భుజం చీలింది. గోడకి ఆనించిన తొట్టి కలిపే కర్ర అందుకుని వాడి మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడికి లోపల ఏడుపు ఆగిపోయింది. పాకుతూ మళ్లీ కత్తి విసిరితే, ఈసారి మూతి పగలగొట్టింది.

"కుక్కకన్నా హీనంగా చూశాడు నన్ను! అందుకే కోశా!" నెత్తురు ఉమ్ముతూ వాడు వదిన ముందే అరిచాడు.

పనివాళ్లు వాణ్ణి తాళ్లతో కట్టి ఈడ్చారు. ముందు ఆరాలక్క పరుగు.

ఆ ఊరి శిక్షకో రివాజుంది. ముందు రాత్రి ఖైదీనే కాదు, తల నరికే తలారిని కూడా కోట దాటనివ్వరు. నగారా ఆగగానే కొత్వాలు ఎర్ర రుమాలు జారవిడుస్తాడు. అది నేలకి తగిలేలోగా తల తెగాలి.

ఆమె మైదానం చేరేసరికి నగారా ఆగింది. జనాన్ని తోసుకుంటూ తల నరికే మొద్దు వైపు చూసింది. మొగుడు ఆమె వైపు చూడలేదు.

"ఆపండి! హంతకుడు వీడు! చేతులు చూడండి!"

వాడి నీలం చేతులు పైకెత్తి పట్టుకున్నారు. "నేనే చంపా" అని వాడే గోలపెట్టాడు. జనమంతా "ఆపండి, ఆపండి" అని హోరెత్తారు. కొత్వాలు మొండివాడే గానీ కసాయివాడు కాదు. దిగ్గున లేచాడు. రెండు చేతులూ పైకెత్తి, "ఆగు!" అని గొంతు చించుకున్నాడు.

ఆ కంగారులో వేళ్ల సందుల్లోంచి రుమాలు జారిపోయింది.

ఊరంతా విన్న ఆ కేక, పొద్దున పెళ్లాం కూరిన మైనం ఉండలతో, రుమాలు మీదే చూపు నిలిపి, కత్తెత్తి నిలబడ్డ తలారికి ఒక్కడికే వినపడలేదు.