డెబ్బై దాటితే

ఆదివారం కొడుకు లేవకముందే సామ్రాజ్యం మెకానిక్ రసూల్‌ను పిలిపించి, కారు తాళాలు అతని చేతిలో పెట్టింది.

"దీనికి స్పీడు గవర్నరు పెట్టు. డెబ్బై దాటకూడదు."

"అది ట్యాక్సీలకమ్మా. మీది సొంత బండి కదా."

"ట్యాక్సీ తోలేవాడిదేనా ప్రాణం? మావాడిది కాదా?"

రసూల్ నవ్వుకుంటూ బండిని షెడ్డుకు తీసుకెళ్లాడు.

వీరబాబు ఆ కారు కొని ఎన్నాళ్లో కాలేదు. నరసరావుపేటలో మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం. రోజూ అద్దంకి నుంచి పోయి రావాలి. అతను గుమ్మం దాటిన దగ్గర్నుంచి తల్లి కళ్ల ముందు లారీలే తిరిగేవి. ఫోను మోగితే ఆసుపత్రి నుంచేమో అనుకునేది. మోగకపోతే అంతకంటే ఘోరమే జరిగి ఉంటుందనుకునేది.

సాయంత్రం రసూల్ కారు తెచ్చిచ్చి, విడమరిచి చెప్పాడు. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఆ చిన్న పెట్టె కనిపెడుతూ ఉంటుంది. డెబ్బైకి చేరగానే కీచుమంటుంది. ఆపైన కాలితో ఎంత తొక్కినా ఇంజినుకు పెట్రోలు పెంచదు.

ఆ రోజు సామ్రాజ్యం కడుపునిండా అన్నం తింది. మర్నాడు వీధిలో ఇంటింటికీ ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో తనే చెప్పి వచ్చింది.

వీరబాబు మాత్రం ఊరుకోలేదు. లారీని దాటబోతే గొంతు పట్టుకున్నట్టు బండి ఆగిపోతోందని, స్నేహితులు నవ్వుతున్నారని గొణిగాడు. చివరికి పేటలోనే ఎవరి చేతనో ఆ పెట్టె పీకించేశాడు.

సామ్రాజ్యం మళ్లీ షెడ్డుకు పరుగెత్తింది. కారుకు పుట్టుకతోనే హద్దు పెట్టే లిమిటరు ఇంకోటి ఉంటుందటగా, అదైనా వాణ్ని ఆపదా అని రసూల్‌ను అడిగింది.

"అది ఇంజిను హద్దుమీరి తిరక్కుండా ఆపుతుందమ్మా. పై గేరు వేస్తే బండి మళ్లీ పరుగే. ఇంజినును కాపాడేదే కారుతో వస్తుంది. మనిషిని కాపాడేది మనమే పెట్టుకోవాలి."

సామ్రాజ్యం గుండెల్లో లారీలు మళ్లీ బయల్దేరాయి.

ఆ వారంలోనే కొడుకు ఓ కొత్త విసుగు మోసుకొచ్చాడు. అడ్డరోడ్డు దగ్గర యలమంద అని ఒక ముసలాయన చెయ్యెత్తితే, పాపమని ఎక్కించుకున్నాడట. ఇక అప్పట్నుంచి రోజూ పొద్దున్నే అక్కడే నిలబడి ఉంటున్నాడట.

"ఎక్కితే ఎక్కాడు. డెబ్బై దాటితే చాలు, ప్లాస్టిక్ కవరు మూతి దగ్గర పెట్టుకుంటాడమ్మా. కడుపులో తిప్పుతోంది బాబూ అంటాడు. కొత్త సీట్లాయె. పేట దాకా ఈడ్చుకుంటూ పోవాల్సిందే."

వద్దని చెప్పలేకపోయావా అంది తల్లి. తాతలా ఉన్నాడు, నోరు రావట్లేదన్నాడు కొడుకు.

సామ్రాజ్యానికి అన్నం సహించలేదు. ముసలి ప్రాణం, కారులోనే పోతే? పోలీసులు, కేసు. అసలు మంచివాడో కాదో? పిల్లవాడి జేబు మీద కన్నేశాడేమో?

మర్నాడు కొడుకు కంటే ముందే ఆటోలో అడ్డరోడ్డుకు వెళ్లింది. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, చేతిలో మడిచిన కవరుతో ఆయన నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, ఇక మావాడి కారెక్కమాకండి. మీకేమన్నా అయితే మా మీదికొస్తుంది. ఇదిగో, బస్సుకి ఉంచండి."

ఆయన ఆ నోటు వంక చూడనైనా లేదు.

"బస్సుకి నాకు డబ్బులక్కర్లేదమ్మా. అబ్బాయి ఆ పెట్టె తీయించేశానని చెప్పాడు. మళ్లీ పెట్టించారా?"

"మా ఇంటి సంగతులు మీకెందుకండీ?"

"నిజమేలే తల్లీ" అని ఆయన కవరు జేబులో పెట్టుకుని, రోడ్డు వదిలి పక్కకు తప్పుకున్నాడు.

ఓ గండం గడిచిందనుకుంటూ సామ్రాజ్యం ధీమాగా ఇంటికొచ్చింది. పొద్దున ఎప్పటికంటే ముందే పేట చేరానని ఆ సాయంత్రం కొడుకు చెప్పాడు. అమ్మ మంచి పని చేసిందని మెచ్చుకున్నాడు కూడా.

వారం తిరక్కుండానే, పత్తి వేసుకుపోతున్న ట్రాక్టరును దాటబోయి, ఎదురుగా లారీ వచ్చేసరికి తిప్పుకోలేక, వీరబాబు కారుతో సహా మిరపచేలో పడ్డాడు. కాలు విరిగింది. ప్రాణానికేం భయం లేదని, మళ్లీ మామూలుగా నడుస్తాడని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పేట ఆసుపత్రిలో ఉన్న కొడుక్కి క్యారేజీ పట్టుకుని సామ్రాజ్యం బస్సెక్కింది. అడ్డరోడ్డు దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి తొంగిచూసింది. ఆయన లేడు.

"ఇక్కడ ఒకాయన నిలబడేవాడమ్మా. యలమంద అని, వాంతుల మనిషి" అంది కండక్టరు నాగజ్యోతితో.

"యలమందగారా? కనిగిరిలో కూతురింటికి వెళ్లిపోయారండీ. ఇక్కడ నాతో ఇంకేం పని లేదన్నారు." నాగజ్యోతి నవ్వింది. "ఆయనకు వాంతులేంటి? ఈ రూటులోనే సర్వీసంతా బస్సు తోలారు. ఈ రోడ్డుకి డెబ్బై చాలనేవారు. ఎవ్వరికీ చిన్న దెబ్బ తగలనివ్వకుండా రిటైరయ్యారు."

సామ్రాజ్యం చేతిలో క్యారేజీ ఒళ్లోకి జారింది.

"మరి రోజూ పేటలో ఏం పని ఆయనకి?"

"అదే మాకూ తెలీదండీ. బస్సులో ఫ్రీ పాసుండి కూడా పొద్దున్నే ఎవరిదో కారులో పేటకి వచ్చేవారు, దిగీ దిగగానే ఎదురుగా ఉన్న మా బస్సెక్కి ఇంటికెళ్లిపోయేవారు."