నలభై అయిదో పెట్టె

"లోపల మనిషి ఉన్నాడండి," అంది ప్రసన్నకుమారి.

మేనేజర్ సత్యప్రసాద్ వాచీ చూసుకున్నాడు. మూడూ నలభై. సామర్లకోట దగ్గర కొత్తగా కట్టిన ఆ కంటైనర్ టెర్మినల్ నుంచి మొట్టమొదటి రైలు నాలుగింటికి విశాఖ పోర్టుకి బయల్దేరాలి. నలభై నాలుగు పెట్టెలు అప్పటికే రైలెక్కేశాయి. నలభై అయిదోది ఒక్కటే కింద ఉంది. దాని సీలు నంబరు రాసుకోవడానికి వెళ్లిన గుమస్తా ప్రసన్నకుమారి అక్కణ్ణుంచి కదలనంటోంది.

ఎండకి రేకు వేడెక్కితే అలాగే టకటకమంటుందని ఆయన సర్దిచెప్పబోయాడు. రేకు చప్పుడు తనకి తెలుసంది ఆమె. ఇది మూడుసార్లు కొట్టి ఆగుతోందట. కాసేపటికి మళ్ళీ మూడుసార్లు.

ఆయన పెట్టెకి చెవి ఆనించి విన్నాడు. ఏమీ లేదు.

"ఏదీ, వినపడదేం?"

"ఇందాకటిదాకా వినపడిందండి. ఇప్పుడు ఆగిపోయింది. నా భయం కూడా అదేనండి."

పెట్టెలో ఉన్నవి బియ్యం బస్తాలు. దారిలో పురుగు పట్టకుండా తలుపు మూసేముందు మందు బిళ్లలు పెడతారు. అవి మెల్లమెల్లగా విషపు గాలి వదులుతాయి. ఈ పెట్టె మూసి అప్పటికి గంట దాటింది.

ఇదివరకైతే బియ్యం లారీల మీద వెళ్లేది. పోర్టు గేటు ముందు రెండేసి రోజులు పడిగాపులు, అక్కడ తలుపులు తీసి తనిఖీలు. ఇప్పుడు తనిఖీలన్నీ సామర్లకోటలోనే అయిపోతాయి. ఒక్కసారి సీలు పడితే రైలు తిన్నగా ఓడ పక్కకే వెళ్లి ఆగుతుంది. మళ్ళీ ఆ తలుపు తెరిచేది ఆఫ్రికాలో, ఇరవై రెండు రోజుల తర్వాత. ఈ పద్ధతి తీసుకురావడానికి సత్యప్రసాద్ తిరగని ఆఫీసు లేదు. మొదటి రైలే ఆలస్యమైతే ఓడ ఆగదు. సీలు తెంపితే ఈ పెట్టెకి తనిఖీలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి.

ఆ మాటే చెప్పాడు ఆమెకి. లోపల ఎవరూ లేకపోతే తన ఉద్యోగం సంగతి పక్కనపెట్టి, ముందు ఆమె ఉద్యోగం పోతుందని కూడా చెప్పాడు.

"పోతే పోనివ్వండి సార్," అని ప్రసన్నకుమారి వెళ్లి క్రేను దగ్గరున్న పెద్ద కట్టరు తెచ్చింది. అది బాగా బరువు. రెండుసార్లు జారింది. మూడోసారి సీలు తెగి కింద పడింది. క్రేను డ్రైవరు దిగొచ్చి తలుపు కడ్డీ లాగాడు.

వెల్లుల్లి కుళ్లినట్టు వాసన గుప్పుమంది. అందరూ వెనక్కి తగ్గారు. తలుపు పక్కనే, బస్తాల మీద ఒకతను బోర్లా పడి ఉన్నాడు. పిడికిలి ఇంకా బిగించే ఉంది. వేళ్ల కణుపులు చెక్కుకుపోయి రక్తం కారుతోంది.

కాళ్లు పట్టుకుని బయటికి లాగి గాలి తగిలేచోట పడుకోబెట్టారు. బస్తాలు మోసే ముసలయ్య అని క్రేను డ్రైవరు గుర్తుపట్టాడు. మిగతా కూలీలు పని అవగానే వెళ్లిపోయారు. ఇతను వాళ్లలో లేడని ఎవరూ గమనించినట్టు లేదు. ఊపిరి ఉందీ లేనట్టుగా ఉంది. ప్రసన్నకుమారి పక్కన మోకాళ్ల మీద కూర్చుని పైకే ప్రార్థన చేసింది. అంబులెన్సు వచ్చేదాకా సత్యప్రసాద్ తన చొక్కా విప్పి ఆ మనిషికి విసురుతూనే ఉన్నాడు.

అంబులెన్సు వెళ్లాక గార్డు వచ్చి రైలు సంగతేంటని అడిగాడు. ఆ పెట్టెని వదిలేసి మిగతావి పంపేద్దామన్నాడు సత్యప్రసాద్. నలభై నాలుగు సీళ్లూ సరిగ్గా ఉన్నాయని ప్రసన్నకుమారి సంతకం పెట్టింది. రైలు పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా కదిలింది.

సాయంత్రం డాక్టరుగారు ఇంకో అరగంటయితే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఆ రాత్రి ప్రసన్నకుమారికి హాయిగా నిద్రపట్టింది.

తెల్లారాక ఆస్పత్రికి వెళ్లేసరికి సత్యప్రసాద్ ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. నిన్న అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దన్నాడు. రైలు దారిలో ఆలస్యమంతా పూడ్చుకుందనీ, నలభై నాలుగు పెట్టెలూ ఓడెక్కాయనీ, ఓడ తెల్లవారుజామున నాలుగింటికే రేవు దాటేసిందనీ చెప్పాడు.

"మీరు మొండికెయ్యకపోతే నేనొక మనిషిని చంపేసి ఉండేవాణ్ణి, ప్రసన్నగారూ."

ఆమె కళ్లు తుడుచుకుంది.

అప్పుడే ముసలయ్య కదిలాడు. కళ్లు తెరిచి పైకప్పు వంక చూశాడు. మంచినీళ్లు అడిగితే ప్రసన్నకుమారి చెంచాతో పట్టింది. రెండు గుక్కలు మింగి, మెల్లగా తల తిప్పి అటు మంచం, ఇటు మంచం చూశాడు. రెండూ ఖాళీగా ఉన్నాయి.

"తాతాజీని ఏ వార్డులో పెట్టారండి?" అన్నాడు. "భోజనాలయ్యాక నడుం వాలుద్దామని, ఇద్దరం చెరో పెట్టె ఎక్కామండి."